ఈసారి ఏ రంగు?

బెంచీ మీద ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి కూడా ఒక జీవితం పడుతుంది. కోచ్ పక్కనే కూర్చుంటే నీళ్ల సీసా అందుకోమంటాడు, తువ్వాలు పట్టుకోమంటాడు, ఆ పనుల్లో పడి నువ్వు ఆటగాడివన్న సంగతే మరిచిపోతాడు. మరీ చివరన కూర్చుంటే కంటికే ఆనవు. మధ్యలో కూర్చోవాలి, ఆయన తల తిప్పినప్పుడల్లా చూపు తగిలే చోట, అడుగుతున్నట్టు కాకుండా అందుబాటులో ఉన్నట్టు. దుకాణంలో సరుకు సర్దడం లాంటిదే ఇదీ, అమ్ముడుపోవాల్సింది కళ్ల ఎత్తున ఉండాలి. బీరన్న అలాగే మధ్యలో కూర్చుని, ఎడమ మోకాలి మీద తువ్వాలు కప్పుకుని, రైస్ మిల్లు కల్లం మీద పరిచిన మ్యాట్లను చూస్తున్నాడు. నిన్నటిదాకా ఇక్కడ ఉడికిన వడ్లు ఆరబోశారు. ఆ వాసన ఇంకా పోలేదు, మ్యాట్ల కింది నుంచి వెచ్చగా పైకి వస్తోంది, పక్కింట్లో అన్నం ఉడుకుతున్నట్టు. చిమ్నీ నుంచి ఊక బూడిద నల్లగా, తేలికగా రాలి నారింజ రంగు జెర్సీ మీద వాలింది. ఊదాడు. పోయింది. మళ్లీ వాలింది. నారింజ ఈ ఏటి రంగు, కోదాడది. ఎదుటి సగంలో ఆకుపచ్చ జెర్సీలతో తొడలు చరుచుకుంటున్నవాళ్లు ఈ మిర్యాలగూడ మిల్లు సొంత టీం. పోయిన ఏడాది తను ఆ ఆకుపచ్చలోనే ఉండి ఫైనల్లో ఈ కోదాడనే ఓడించాడు. ఓడించినవాణ్ని మనవైపు తెచ్చుకుంటే సగం గెలిచినట్టేనని కోదాడవాళ్లు కొత్త జెర్సీ, శాలువా పట్టుకుని ఇంటికి వచ్చి మరీ పిలుచుకుపోయారు. పిలుచుకుపోయి బెంచీ మీద పెట్టారు. అదీ లెక్కే కదా, తను బెంచీ మీదైనా ఇక్కడున్నాడంటే అవతలివాళ్ల దగ్గర లేనట్టే.

విజిల్ మోగింది. మైకు పట్టుకున్నవాడు అప్పుడే గొంతు చించుకుంటున్నాడు. "కోదాడ కార్తీక్ కూతకు పోతుండు! సూస్కోండ్రి, మెరుపంటే మెరుపు, పిడుగంటే పిడుగు, మీ ఇష్టం!" కార్తీక్ పాదాలు నేలకు ఆనీ ఆననట్టు పోతున్నాడు. ఆ వయసులో మోకాలనేది ఒకటుందని తెలియదు. ఉందని తెలిసిన రోజు నుంచే ఆటగాడు లెక్కలు మొదలుపెడతాడు. ఈ రోజు బీరన్న ముందు రెండు దారులున్నాయి, రెండింటికీ ఆట ముగియగానే సమాధానం చెప్పాలి. మొదటిది ఈ మిల్లు యజమాని సత్యనారాయణది. నిన్న సాయంత్రం బీరన్నను మిల్లుకు పిలిపించి, భుజం మీద చెయ్యి వేసి మిల్లు వెనక పాత గోదాం తలుపు తీసి చూపించాడు. "గీండ్ల మ్యాట్లు ఏపిస్త బీరన్నా. ఊరి పిల్లలకు కబడ్డీ నేర్పు. కానీ ఒక్కటే షరతు, ఉండాలె. ఒక సీజన్ ఉండి సంచి సర్దుకునేటోనివైతే నాకొద్దు. రేపు ఆట ఖతం కాంగనే చెప్పు. ఊ అంటే గోదాం నీది. లేదంటే సాయంత్రం వచ్చే లారీల వడ్లు గీండ్లనే దించుకుంట." రెండోది మధురై పక్క పల్లె నుంచి ఫోను. పాత కెప్టెన్, జాతరల సీజన్ వస్తోంది, రమ్మంటున్నాడు, మట్టి మైదానాలు, డోళ్లు, ఊరూరా తిరుగుడు. ఈ పొద్దున టీంతో కోదాడ నుంచి వస్తూ, బస్సు హుజూర్‌నగర్ దాటాక, బీరన్న తనతో తనే ఒక బేరం కుదుర్చుకున్నాడు. ఈ రోజు తనను లోపలికి పంపి, ఎడమ మోకాలు తన బరువు మోస్తే, ఆ మోకాలు ఇంకో ఏడాదికి పనికొచ్చే సరుకే, మధురై పోవచ్చు. పంపకపోయినా, పంపాక మోకాలు మడత పడినా, గోదాం. బేరం తేటగా ఉంది. తేటగా లేనిదల్లా తనకు ఏది కావాలన్నదే.

కార్తీక్ ఒకణ్ని తాకి వచ్చాడు. బెంచీ అంతా లేచింది, బీరన్న కూడా లేచాడు, లేచేటప్పుడు మోకాలు టక్కుమంది, మైకు చప్పుడులో ఎవరికీ వినబడలేదు. భార్య గీత ఉంటే వినేది. ఆమె వంటింట్లో కుక్కర్ కూస్తున్నా వింటుంది. "మళ్ల అన్నది సూడు," అంటుంది, మోకాలు ఇంట్లో ఇంకో మనిషైనట్టు. మ్యాట్ అంచున ఆకుపచ్చ కార్నర్ కాపుకాసి వంగి ఉన్నాడు, చేతులు నేలకు దగ్గరగా, వెనక కాలు దొరకబుచ్చుకోవడానికి. అచ్చం అమ్మ గొర్రెను పట్టేటప్పుడు వంగినట్టే. గొర్రెను మెడ పట్టుకుంటే ఈడ్చుకుపోతుంది, నడుం పట్టుకుంటే జారిపోతుంది, వెనక కాలు పట్టుకుంటే నిలబడిపోతుంది. సూర్యాపేట చుట్టుపక్కల బీళ్లలో అమ్మ నాంచారమ్మ గొర్రెలను పడుతుంటే, చిన్నప్పుడు బీరన్న పట్టేవాళ్లను కాదు, తప్పించుకునేవాటిని చూసేవాడు. ఒక ముదురు పొట్టేలు ఉండేది, దాని కాలు దొరికినా అది గుంజేది కాదు. ఒక్క క్షణం వదులైపోయేది, ఇక పోదులే అనుకుని పట్టు సడలగానే మొత్తం ఒళ్లు అటు తిప్పి జారుకునేది. బీరన్నకు ఆట నేర్పిన మొదటి గురువు అదే. రెండోవాడు బడి పీఈటీ సారు. ఇద్దరిలో పొట్టేలే ఓపికగలది.

అమ్మ మందకు జాజు గుర్తు, కుడి తొడ మీద అరచేయంత ఎర్రటి మచ్చ. ఎవరి మందకు వాళ్ల గుర్తు, అమ్మితే కొన్నవాడు పాత మచ్చ మీద తన మచ్చ పూసుకుంటాడు, గొర్రెకు పట్టింపు లేదు, మేత ఎటుంటే అటు. ఒక వానాకాలం హైవే పక్కన రెండు మందలు కలిసిపోయాయి. వాన దంచికొట్టి జాజు కడుక్కుపోయింది, అన్నీ ఒకే తడి రంగు. అవతలి మందవాళ్లు తలలు పట్టుకుని కూర్చున్నారు, లారీలు హారన్లు కొడుతున్నాయి. అమ్మ గొంగడి కప్పుకుని రోడ్డు మధ్యలో నిలబడి, నడిచొచ్చేవాటిని చూస్తూ, ఇది నాది, ఇది కాదు, ఇది నాది అని కర్రతో పక్కకు తోసింది. ఒక్కటీ తప్పలేదు. అవతలివాళ్లు నోరు తెరిచారు. బీరన్న కూడా. ఇప్పుడా సంగతి ఎందుకు గుర్తొచ్చింది? గుర్తుల వల్లే అయుండాలి. తన ఒంటి మీద ఎన్ని జాజు మచ్చలు పడ్డాయో! జెర్సీ తెచ్చి ఇంట్లో పడేసినప్పుడల్లా గీత అడిగేది ఒకటే మాట. "ఈసారి ఏ రంగు? దిగుతదా?" ఈ నారింజ మొదటి ఉతుకులోనే దిగింది, బీరన్న బనీన్లన్నీ, అమ్మ తెల్లంచు చీరా నారింజగా తేలాయి. గీత ఊరంతా వినేలా కోదాడను తిట్టింది. తిట్టినా ఆ చీర అమ్మ కట్టుకుంది. పడేయడమనేది వాళ్లింట్లో లేదు. పాత జెర్సీలన్నీ ఏదో ఒక పనిలో ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ టీం బూడిద రంగుది స్కూటరు తుడుస్తుంది, హర్యానాది బియ్యం డ్రమ్ము మీద మూతకు చుట్టి ఉంటుంది. లీగ్ జెర్సీ, వంకాయ రంగుది, వీపు మీద తన పేరు మెరుస్తూ ఉండేది, దాన్ని మాత్రం అద్దం కట్టిద్దామనుకున్నాడు. ఆ చలికాలం ఒక గొర్రె అర్ధరాత్రి ఈనింది. పిల్ల వణికిపోతుంటే అమ్మ చేతికి అందింది అదే. పొద్దున లేచి చూస్తే, పొట్టి కాళ్ల గొర్రెపిల్ల వీపు మీద బీరన్న అని రాసుకుని దొడ్డి అంతా గెంతుతోంది. అద్దంలో పెట్టిన జెర్సీ ఏ పిల్లనూ బతికించేది కాదు. ఆ లెక్కన అది లాభమే.

లీగ్! ఆ మాట ఇప్పటికీ నాలుక మీద కొత్త బెల్లం. ఉత్తరాది టీం ఒకటి వేలంలో తన పేరు పిలిచిన రోజు సూర్యాపేట బస్టాండు హోటల్లో తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కలిసి టీ తాగించారు. తర్వాత సీజనంతా బెంచీ. బెంచీ మీద ఎక్కడ కూర్చోవాలో నేర్చుకున్నది అక్కడే. కట్టకడపటి ఆటలో, గెలుపు ఓటమి తేలిపోయాక, పొమ్మన్నారు. పోయాడు. అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు, లైట్లు, కెమెరాలు, తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఎవరినీ తాకలేదు, ఎవరికీ దొరకలేదు, కూత సమయం ముగిసేలోపే తిరిగొచ్చాడు. అంతే. టీవీలో కొడుకు కనబడతాడని ఆ సీజనంతా పక్కింటికి పోయి కూర్చున్న అమ్మ ఆ ఒక్క రోజే మందతో పొలాల్లో ఉంది. ఫోను చేస్తే, "పోనీ తియ్, దొరకలే గదా," అంది. ఓదార్పా, మెచ్చుకోలా, ఇప్పటికీ తేల్చుకోలేదు. తర్వాత హర్యానా, పాలూ నెయ్యీ, తెల్లారకముందే లేపి పరిగెత్తించడం. తర్వాత మధురై మట్టి, డోళ్ల మోత, పడితే ఊరంతా మీద పడ్డట్టుండేది. అక్కడే మోకాలు తిరిగింది. దవాఖాన మంచం పక్కన ఆ పల్లె ఆడవాళ్లు వంతులేసుకుని ఇడ్లీలు తెచ్చిపెట్టారు, ఒక్కరి పేరూ తెలియదు. మోకాలు పోయిందని అంటారు అందరూ. ఒక ఊరే దొరికిందని ఎవరూ అనరు. లెక్క రాసేటప్పుడు రెండు వైపులా రాయాలి కదా.

ఆకుపచ్చవాళ్లు ఇద్దరిని పట్టారు. కోదాడ వెనకబడింది. ఆ పట్టింది సోమయ్య, ఎడమ కార్నర్, గట్టివాడు, లేచి బెంచీ వైపు చూసి బీరన్నకు కన్ను కొట్టాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ టీంలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆడినవాళ్లే. పొద్దున షిఫ్టు, సాయంత్రం ప్రాక్టీసు, తుమ్మితే సిమెంటు. కబడ్డీలో పట్టేవాళ్లు జంటగా చెయ్యీ చెయ్యీ కలుపుకుని గొలుసుగా కదులుతారు, పక్కవాడి వేళ్లు బిగుసుకుంటే కూతకు వచ్చినవాడు ఎటు వస్తున్నాడో చూడకుండానే తెలుస్తుంది. ఆ తర్వాతి ఏడు బీరన్న ఈ మిర్యాలగూడ మిల్లు టీంకు మారాడు. ఆకుపచ్చలో మొదటి ఆట సిమెంటు టీంతోనే. విరామం అయ్యాక వైపులు మారాయి. బీరన్న ఏదో ఆలోచిస్తూ నడుచుకుంటూ పోయి ఎప్పటిలాగే సోమయ్య పక్కన నిలబడి చెయ్యి అందించాడు, సోమయ్య ఎప్పటిలాగే పట్టుకున్నాడు. ఇద్దరూ వంగారు. రిఫరీ లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు, ఒకవైపు ఎనిమిదిమంది తేలారు, ఒకడు ఆకుపచ్చ. జనం కింద పడి దొర్లారు. "ఏం మామా, జెర్సీ గాడ, చెయ్యి గీడనా?" అన్నాడు సోమయ్య, అప్పటికీ చెయ్యి వదలకుండా. "చెయ్యి పాతది కదరా, తొవ్వ మరిసింది," అన్నాడు బీరన్న. ఆ మాట మేళ్లచెరువు నుంచి కోదాడ దాకా తిరిగింది, ఏ టోర్నమెంటుకు పోయినా మైకులో ఎవరో ఒకరు తవ్వి తీసేవారు. ఈ ఏడు సోమయ్య ఆకుపచ్చలోకి వచ్చాడు, తను నారింజలోకి జరిగాడు. ఒకరు విడిచిన చొక్కా ఒకరు తొడుక్కుంటూ పోతున్నట్టుంది ఈ బతుకు. నవ్వొచ్చింది. పక్కనున్న కుర్రవాడు వింతగా చూశాడు, ఓడిపోతుంటే నవ్వేవాడు బెంచీ మీద ఉంటే శకునం బాగుండదని కాబోలు.

విరామం. గీత జనాన్ని తోసుకుంటూ వచ్చి మజ్జిగ సీసా చేతికిచ్చింది. సూర్యాపేట నుంచి బస్సులో అత్తా కోడళ్లిద్దరూ వచ్చారని తెలుసు, కోదాడవాళ్లు కూర్చున్న వైపంతా అప్పటికే రెండుసార్లు వెతికాడు. "అమ్మేది?" అన్నాడు. గీత గడ్డంతో అవతలివైపు చూపించింది. ఆకుపచ్చ తువ్వాళ్ల గుంపు నడుమ, గన్నీ సంచుల దొంతర నీడన, నారింజ దిగిన చీరలో, తలకు పోయిన ఏటి ఆకుపచ్చ తువ్వాలు చుట్టుకుని నాంచారమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. "గాడెందుకు కూసున్నది?" "గాడ నీడున్నది. నీ కొడుకు టీం మారిండు అత్తా, మనం ఇటు కూసోవాలె అంటే ఇనలే. ఏటేటా మారెటోనికి నేనేడ మారాలె అన్నది. గా తువ్వాలు సుత సంచిల పెట్టుకొనే వచ్చింది." "నన్ను గుర్తువడతదా గంత దూరం నుంచి?" గీత అతని జెర్సీ మీది బూడిద దులిపింది. "నువ్వు లోపలికి పోతే గదా గుర్తువట్టనీకి," అని, అన్నాక నాలుక కరుచుకుని, తువ్వాలు పక్కకు తీసి మోకాలిని అరచేత్తో ఒకసారి అదిమి, "మంచిగున్నది పో," అని వెళ్లిపోయింది. ఏ డాక్టరూ అంత తొందరగా సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మళ్లీ విజిల్. మిల్లు లోపల యంత్రం ఆగలేదు, ఆట ఉన్నా పెళ్లున్నా అది ఆగదు, గుంయ్‌మని ఒకే గొంతుతో తిరుగుతూనే ఉంటుంది. పోయిన ఏడాది ప్రాక్టీసు అయ్యాక అక్కడ నిలబడి చూసేవాడు. వడ్లు లోపలికి పోతే బియ్యం ఒకవైపు, నూకలు ఒకవైపు, తవుడు ఇంకోవైపు, ఊక పొయ్యిలోకి. సత్యనారాయణ మిల్లులో బియ్యం కన్నా తవుడు దగ్గరే ఎక్కువసేపు నిలబడతాడు. "బియ్యం అందరూ అమ్ముతరు బీరన్నా. తవుడు సుత పనికొచ్చేటట్టు సూస్కున్నోడే మిల్లు నడుపుతడు." బీరన్న ఆటలో బియ్యం ఎవరిదో తెలియదు, జాతీయ జట్లు, కప్పులు, ఫోటోలు, అవన్నీ వేరేవాళ్ల బస్తాల్లోకి పోయాయి. తనకు మిగిలినదల్లా బోనస్ పాయింటు. అవతలి సగంలో లోపలికి ఒక గీత ఉంటుంది. అవతల ఆరుగురు గానీ అంతకు మించి గానీ కాపుంటే, ఆ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాల్లోకి లేపితే చాలు, ఎవరినీ తాకకుండానే ఒక పాయింటు. దానికి జనం ఈలలు వేయరు. పేపర్లో రాయరు. కానీ కలుపుకుంటూ పోతే ఎన్ని ఆటలు ఆ ఒక్క పాయింటుతో గట్టెక్కాయో బీరన్నకు తెలుసు, బీరన్నను పిలిచిన టీములకూ తెలుసు, అందుకే ఏ ఊరూ ఎక్కువ రోజులు ఉంచుకోలేదు, ఏ ఏడూ ఎవరో ఒకరు పిలవకుండానూ ఉండలేదు. మోకాలు పోయాక మాత్రం ఆ గీత దాటేది కుడి కాలే. ఎడమ కాలి మీద ఒంటరిగా నిలబడే ధైర్యం మధురైలోనే వదిలేశాడు. ఈ సంగతి తనతో ఆడిన ప్రతివాడికీ తెలుసు. సోమయ్యకు మరీ తెలుసు.

కార్తీక్ రెండుసార్లు తెచ్చాడు, కోదాడ సమానమైంది. సూర్యుడు చిమ్నీ వెనక్కి దిగాడు, నీడ మ్యాట్ మీదికి పాకింది. ఆ తర్వాతి కూతలో సోమయ్య కార్తీక్ వెనక కాలు దొరకబుచ్చుకున్నాడు, మిగతావాళ్లు కుప్పలా పడ్డారు. ఆకుపచ్చకు ఒకటి. కోదాడవాళ్లు తిరిగి ఒకణ్ని పట్టారు. మళ్లీ సమానం. కార్తీక్ మోచేయి గీరుకుపోయి, చెయ్యి లేవక బయటే కూర్చున్నాడు. మిగిలింది ఒకే ఒక్క కూత, కోదాడది. కోచ్ చిరంజీవి టైమ్ అవుట్ అడిగాడు. తల తిప్పాడు. చూపు బెంచీ మధ్యలో తగిలింది.

"బీరన్నా, మోకాలు ఎలా ఉంది?"

"ఉన్నది సార్."

"ఉందా లేదా అని కాదయ్యా, ఎలా ఉందని అడుగుతున్నా."

"మీరు పంపితే నాకు సుత తెలుస్తది."

"మధ్యాహ్నం నుంచి ఇదే చూపు నా వైపు, పిల్లనివ్వమని అడిగినట్టు. పో. ఒక్క పాయింటు చాలు, హీరో వేషాలు వెయ్యకు."

"నేనెప్పుడు ఒక్క పాయింటోన్నే సార్."

మైకువాడు పాత కథ తవ్వనే తవ్వాడు. "బీరన్న వస్తుండు! గాయినే, అవతలోళ్ల చెయ్యి పట్టుకున్న బీరన్న! రిఫరీ సార్, జర లెక్కపెట్టుండ్రి!" జనం గొల్లుమన్నారు. నవ్వనీ. నవ్వుతున్నప్పుడు ఎవరూ కాలు చూడరు. మధ్య గీత ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ, ఊపిరి బాగానే ఉంది, పాత హార్మోనియంలాగా, కబడ్డీ కబడ్డీ, ఆరుగురున్నారు, సరిగ్గా ఆరుగురు, బోనస్ గీత పనిచేస్తుంది, కుడి కార్నర్ కొత్తవాడు, తొందరవాడు, నడుమ ఇద్దరూ పోయిన ఏడాది తన పక్కనే అన్నం తిన్నవాళ్లు, కబడ్డీ కబడ్డీ, సోమయ్య వంగి ఉన్నాడు, చూపు తన కుడి కాలి మీదే, పెళ్లికొడుకు మీద పెట్టినట్టు పెట్టాడు, అందరి కళ్లూ కుడి కాలి మీదే, కబడ్డీ కబడ్డీ, ఇంతమంది ఇంత నమ్మకంగా చూస్తున్న సరుకును చూపించాలి, అమ్మకూడదు, కుడి కాలు ముందుకు ఊపాడు, సోమయ్య వేళ్లు కదిలాయి, కబడ్డీ కబడ్డీ, అప్పుడు ఆకుపచ్చ గుంపు నడుమ నుంచి ఒక గొంతు, ఎక్కడైనా గుర్తుపట్టగలిగే గొంతు, బీళ్లకు అవతలి నుంచి మందను మళ్లించే గొంతు, "పట్టుండ్రి! ఇడువకుండ్రి! ఎనక కాలు, ఎనక కాలు పట్టుండ్రి!" కబడ్డీ కబడ్డీ, అరె, అమ్మ, గుర్తుపట్టలేదు, తన కొడుకునే పట్టుకోమని అరుస్తోంది, పట్టే పద్ధతి కూడా చెబుతోంది, నవ్వు గొంతులోకి వచ్చి కూత ఆగబోయింది, ఆగితే ఔట్, కబడ్డీ కబడ్డీ, నవ్వుతూనే కూత కూస్తూ కుడి కాలు వెనక్కి తీసి ఎడమ కాలు బోనస్ గీత అవతల మోపాడు. మొత్తం బరువు. రెండో కాలు గాల్లో. మోకాలు టక్కుమంది. నిలబడింది. ఒక్క క్షణం ఎంత పొడవుంటుందో ఎవరూ కొలవలేదు, ఆ క్షణంలో చిమ్నీ బూడిద రేకు ఒకటి వచ్చి ముంజేతి మీద వాలడం కూడా చూశాడు. రిఫరీ బొటనవేలు లేచింది, బోనస్. అప్పుడు సోమయ్య దూకాడు, గాల్లోంచి దిగుతున్న కుడి మడమ దొరికింది, గట్టి పట్టు, కబడ్డీ కబడ్డీ, గుంజకు, గుంజకు, వదులైపో, ఇక అయిపోయిందన్నట్టు వదులయ్యాడు, సోమయ్య వేళ్లు పొల్లు గింజంత సడలాయి, ఒళ్లంతా అటు తిప్పాడు. జారాడు. మధ్య గీత మీద వెల్లకిలా పడ్డప్పుడు కూడా నోట్లో కబడ్డీ ఉంది.

నారింజవాళ్లు మీద పడ్డారు, లేపారు, దించారు, కోచ్ చిరంజీవి ఏదో అంటూ నుదుటి మీద ముద్దు పెట్టాడు. సోమయ్య వచ్చి, "ఎడమ కాలు ఎప్పుడు కొన్నవ్ మామా?" అని చెవి మెలిపెట్టి పోయాడు. గెలుపు బాగానే ఉంది. బేరం ప్రకారం ఇప్పుడు మధురై. మోకాలు మోసింది, సరుకు ఇంకో ఏడాదికి పనికొస్తుంది. అలా అనుకుంటూనే బీరన్న నారింజ గుంపులోంచి బయటపడి, మ్యాట్ దాటి, ఆకుపచ్చ తువ్వాళ్ల నడుమ నుంచి గన్నీ సంచుల నీడలోకి కుంటుతూ పోయాడు.

"అవ్వా, ఎవలిని పట్టుమన్నవే? నేనే గది!"

నాంచారమ్మ తల పైకెత్తలేదు. అతని కాళ్లనే చూస్తోంది. "నువ్వని తెల్వకనా? జాజు ఎవలన్న పూస్తరు కొడుకా, నడక ఎవలు పూస్తరు? చాప మీద కాలు వెట్టంగనే అనుకున్న, మా బీరిగాడే, ఎడమ కాలు జర ఈడుస్తుండు అని."

"మరి పట్టుండ్రని ఒర్రితివి?"

"ఎవలో ఒకలు పడితెనన్న ఒక్కకాడ ఉంటవని ఒర్రిన. గింతమంది మగోళ్లు ఉన్నరు, ఒక్కనికి చాతగాలె." అని, కూర్చున్నచోటి నుంచే వంగి, అతని వెనక కాలు మడమ దగ్గర పట్టుకుంది.

బీరన్న నవ్వాడు. నవ్వుతూ కాలు వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు. హర్యానావాళ్ల పట్టు చూశాడు, తమిళవాళ్ల పట్టు చూశాడు, ఈ ముసలి చేతి పట్టులో బలం కూడా లేదు, ఉన్నదల్లా తొందరలేనితనం. వదులైపోయి చూశాడు. ఆ వేళ్లు సడలలేదు. ఆ పొట్టేలును పెంచిన చేయి కదా, ఆ ఎత్తు దానికి ముందే తెలుసు. తనతో తను కుదుర్చుకున్న బేరంలో ఒక సుఖం ఉంది, తప్పినా ఫిర్యాదు చేసేవాడు ఉండడు. పైగా నిలబడగలిగిన మోకాలు నిలబడి చూపించడానికి కూడా పనికొస్తుంది, గోదాంలో పిల్లలకు గీత దాటడం నేర్పేవాడు ఒంటికాలి మీద ఒక్క క్షణమైనా నిలబడాలి కదా. ఇంతలో సత్యనారాయణ వచ్చాడు, పంచె కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, ఓడిపోయిన మొహం పెడదామని చూస్తూ, అది కుదరక.

"నా మిల్లుల, నా కల్లంల, నా టీంను ఓడగొట్టినవ్. ఇగ చెప్పు. గోదాంల వడ్లు దించాల్నా వద్దా?"

బీరన్న కిందికి, తన మడమ వైపు చూశాడు. "నేను చెప్పేదేమున్నది సార్. దొరికిన. వడ్లు ఇంకోకాడ దించుకోండ్రి."

"అంటే ఇగ ఏటేటా పచ్చనేనా?" అంది గీత వెనక నుంచి.

"పచ్చనే."

"దిగుతదా?"

"పోయినేడు దిగలే గదా," అన్నాడు బీరన్న.

"అయితే మంచిదే, నా చేతులు బతికినయ్."

"అవ్వా, ఇగ కాలు ఇడువు. మాట ఇచ్చిన గదనే."

నాంచారమ్మ వినిపించుకోలేదు. సత్యనారాయణ జేబులోంచి ఫోను తీసి, ఒక చెవి మూసుకుని, జనం గోలలో అరుస్తున్నాడు. "బిచ్చా! లారీలు గీడికి తేకు. స్టేషన్ కాడి గోదాంకు మళ్లియ్యి. ఆ, అన్ని. అన్ని మళ్లియ్యి. గీడ జాగ లేదు, మనిషి ఉంటుండు." అవతలి నుంచి బిచ్చా సరే అన్నాడో లేదో, ఆయన మళ్లీ అడిగి ఖాయం చేసుకుని, ఫోను జేబులో పెట్టుకునేదాకా ఆమె ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. రోడ్డు మీద మొదటి లారీ హారన్ కొట్టి, గేటు దగ్గర ఆగకుండా స్టేషన్ వైపు తిరిగిపోయింది.

అప్పుడు వదిలింది.